కండరాలు పట్టేసినప్పుడు ఫోమ్ రోలర్: ఎంతవరకు మేలు? ఎప్పుడు కీడు?



తెల్లవారుజామున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఏ కాలేజీ మైదానానికి వెళ్లినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. పోలీసు ఉద్యోగానికో, సైన్యంలో చేరడానికో సిద్ధమవుతున్న మన పిల్లలు పరుగులు తీస్తుంటారు. గుంజీళ్లు, దండీలు తీస్తుంటారు. ఇనుప గుండు విసరడం నేర్చుకుంటుంటారు. 2022లో వచ్చిన తెలంగాణ పోలీసు నియామకాల్లో మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి, 4 మీటర్లు దూకాలి. ఆడపిల్లలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తి, 4 కిలోల గుండును 4 మీటర్లు విసిరి, రెండున్నర మీటర్లు దూకాలి. ఇదంతా ఒంట్లో బలం లేకుండా అయ్యే పని కాదు. అందుకే జిమ్ములు పెరిగాయి, వాటితోపాటు ఒళ్లు నొప్పులూ పెరిగాయి.

ఈ మధ్య మా ఫిజియోథెరపీ గదికి వచ్చే యువతీ యువకుల్లో చాలామంది ఒక మాట అడుగుతున్నారు. "సార్, బొడిపెలున్న రోలర్ కొనుక్కుంటే నొప్పులు పోతాయంట కదా, నిజమేనా?" పిల్లలకు కొనిపెట్టాలా వద్దా అని తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. అందరికీ ఒకేచోట జవాబు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఆ నొప్పి ఎందుకు వస్తుంది?

చాలా రోజుల తర్వాత బరువులు ఎత్తినా, కొత్త వ్యాయామం మొదలుపెట్టినా ఆ రోజు పెద్దగా ఏమీ అనిపించదు. మర్నాడు లేచేసరికి తొడలు, పిక్కలు, చేతులు పట్టేసి ఉంటాయి. రెండో రోజుకు ఇంకా ఎక్కువవుతుంది. సాధారణంగా 24 గంటల నుంచి 72 గంటల మధ్య ఈ నొప్పి బాగా పెరిగి, వారంలోగా దానంతట అదే తగ్గిపోతుంది. ఈ ఆలస్యపు నొప్పి గురించి 1902లోనే థియోడర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త రాశాడు. కండరంలోని సన్నని పోగులు చిట్లడమే దీనికి కారణం కావచ్చని ఆయన అప్పుడే చెప్పాడు.

చాలామంది దీన్ని ల్యాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్ల వచ్చే నొప్పి అనుకుంటారు. అది నిజం కాదు. పరుగెత్తేటప్పుడు రక్తంలో పెరిగే ల్యాక్టేట్, వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోనే మామూలు స్థాయికి వస్తుంది. రెండో రోజు నొప్పికి దానితో సంబంధం లేదు. కండరం సాగుతూ బరువును ఆపినప్పుడు పోగుల్లో అతి చిన్న గాయాలు అవుతాయి. అక్కడికి వాపు కణాలు చేరతాయి, నరాలు సున్నితమవుతాయి. మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు, గుంజీళ్లలో పైకి లేచేటప్పటి కంటే కిందికి కూర్చునేటప్పుడు కండరం మీద ఇలాంటి ఒత్తిడి ఎక్కువ. అందుకే మెట్లు దిగడం, గుంజీళ్లు తీయడం తర్వాత తొడలు అంతగా పట్టేస్తాయి.

ఇందులో మంచి విషయం ఒకటి ఉంది. అదే వ్యాయామాన్ని కొద్ది రోజుల తర్వాత మళ్లీ చేస్తే నొప్పి చాలా తక్కువగా వస్తుంది. శరీరం నేర్చుకుంటుందన్నమాట. నాట్ల కాలంలో మొదటి రెండు రోజులు నడుము, తొడలు విరిగిపోతున్నట్లు ఉండి, తర్వాత అలవాటు పడిపోవడం మన అక్కలకు, అమ్మలకు తెలిసిన సంగతే.

రోలర్ అంటే ఏమిటి?

గట్టి స్పాంజి లాంటి పదార్థంతో చేసిన గుండ్రటి దిమ్మె ఇది. సుమారు అరడుగు మందం, అడుగు నుంచి మూడడుగుల పొడవు ఉంటుంది. నేల మీద పెట్టి, దానిపై తొడనో పిక్కనో ఆనించి, మన బరువుతోనే ముందుకు వెనక్కు దొర్లించుకుంటాము. కొన్ని నున్నగా ఉంటాయి. కొన్నింటి మీద బొడిపెలు, గాళ్లు, గట్లు ఉంటాయి. లోపల గట్టి ప్లాస్టిక్ గొట్టం ఉండి, పైన బొడిపెల పొర ఉన్నవి ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నారు.

మనకు ఈ ఆలోచన కొత్తది కాదు. పాత తాలింఖానాల్లో కుస్తీ పట్టేవారు నూనెతో మర్దన చేయించుకునేవారు. పొలం నుంచి వచ్చిన తాత పిల్లలను పిలిచి కాళ్లు తొక్కించుకునేవాడు. ఒత్తిడితో నొప్పిని తగ్గించుకోవడం అదీ ఇదీ ఒకటే. రోలర్‌తో ఒకరి సాయం లేకుండా మనమే చేసుకోగలం, అంతే తేడా.

బొడిపెలు ఎందుకంటే, నున్నటి రోలర్ మీద మన బరువు వెడల్పుగా పరుచుకుంటుంది. బొడిపెల మీద అదే బరువు చిన్న చిన్న చోట్ల పడుతుంది కాబట్టి ఒత్తిడి లోతుగా తగులుతుంది. బొడిపెల రోలర్ వాడినవారిలో మోకాలి కదలిక, నొప్పిని తట్టుకునే శక్తి నున్నటి రోలర్ కంటే కొంత ఎక్కువ పెరిగినట్లు పరిశోధకులు గమనించారు. అయితే అది అప్పటికప్పుడు కొలిచిన ఫలితం. కొత్తగా మొదలుపెట్టేవారికి, వయసు పైబడినవారికి, సన్నగా ఉన్నవారికి నున్నటి, మెత్తటి రోలరే మంచిది.

నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ ప్రకటనల్లో చెప్పినంత కాదు.

కెనడా పరిశోధకులు 2014లో 20 మంది యువకుల చేత బరువు మోస్తూ పదేసి చొప్పున పదిసార్లు గుంజీళ్లు తీయించారు. వారిలో సగం మందికి 20 నిమిషాల చొప్పున రోలర్ వాడించారు. రోలర్ వాడినవారికి నొప్పి తక్కువగా ఉంది. 2015లో ఎనిమిది మందితో చేసిన మరో పరిశీలనలో కూడా తొడ నొప్పి తగ్గి, పరుగు, దూకుడు కొంత మెరుగ్గా ఉన్నాయి. ఇవి చాలా చిన్న పరిశీలనలని గుర్తుంచుకోవాలి. 2019లో జర్మనీ పరిశోధకులు అలాంటి 21 పరిశీలనలను కలిపి చూశారు. వ్యాయామం తర్వాత రోలర్ వాడితే నొప్పి సగటున 6 శాతం మేరకు తగ్గుతోందని తేలింది. అంటే ఉపశమనం ఉంటుంది, అద్భుతం ఉండదు.

రోలర్ కండరంలోని ముడులను విప్పుతుందనీ, మలినాలను పిండేస్తుందనీ చెబుతారు. దానికి సరైన ఆధారం లేదు. ఒత్తిడి వల్ల నరాలు, మెదడు నొప్పిని గ్రహించే తీరు కాసేపు మారుతుందని ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు భావిస్తున్నారు. 2015లో జరిగిన ఒక పరిశీలనలో ఒక పిక్కను రోల్ చేస్తే రెండో పిక్కలోని నొప్పి కూడా తగ్గింది. ముట్టుకోని కాలిలో నొప్పి తగ్గిందంటే ఆ మార్పు కండరంలో కంటే నరాల్లో వచ్చిందనే కదా!

కాబట్టి రోలర్ నొప్పిని ఓర్చుకునేలా చేస్తుంది. చిట్లిన పోగులను అతికించేది మాత్రం నిద్ర, ఆహారం, కాలం.

ఎలా వాడాలి?

1. చాప పరిచి, గోడ పక్కన మొదలుపెట్టండి. పట్టు తప్పితే ఆసరా ఉంటుంది.

2. పిక్కలకు: కాళ్లు చాపి కూర్చుని, రోలర్‌ను పిక్కల కింద పెట్టండి. చేతులు వెనక్కి ఆనించి నడుము కొద్దిగా పైకెత్తి, చీలమండ పైనుంచి మోకాలి కిందివరకు నెమ్మదిగా దొర్లించండి. మోకాలి వెనక గుంటలో నొక్కవద్దు. అక్కడ రక్తనాళాలు, నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి.

3. తొడ ముందు భాగానికి: బోర్లా పడుకుని మోచేతుల మీద ఆనుకుని, తొడల కింద రోలర్ ఉంచండి. మోకాలి చిప్ప పైనుంచి తుంటి కిందివరకు జరపండి. చిప్ప మీదకు పోనివ్వవద్దు.

4. తొడ వెనక భాగానికి, పిరుదులకు: రోలర్ మీద కూర్చుని చేతులు వెనక పెట్టి కొద్దికొద్దిగా జరగండి.

5. వీపు పైభాగానికి: వెల్లకిలా పడుకుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, భుజపుటెముకల మధ్య మాత్రమే రోలర్ వాడండి. నడుము ఎముక మీద, మెడ మీద, పొట్ట మీద వాడకండి.

6. వేగం వద్దు. సెకనుకు ఒక అంగుళం చాలు. ఒక్కో భాగానికి ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు కేటాయించండి. ఊపిరి బిగబట్టకండి.

7. నొప్పిని పదికి కొలిస్తే ఐదు, ఆరు దాటకూడదు. పళ్లు బిగించాల్సి వస్తోందంటే ఎక్కువ నొక్కుతున్నారని అర్థం. చేతుల మీద బరువు వేసి ఒత్తిడి తగ్గించుకోండి. మర్నాడు చర్మం కమిలితే మీరు హద్దు దాటినట్లే.

కొనలేనివారు బాధపడనవసరం లేదు. పొలానికి వాడే మందపాటి నాలుగంగుళాల పైపు ముక్కకు పాత దుప్పటి రెండు మూడు చుట్లు చుడితే సరిపోతుంది. అది రోలర్ కంటే గట్టిది కాబట్టి తేలికగా నొక్కండి. అంచులు అరగదీయండి, పగుళ్లు లేకుండా చూసుకోండి. పిక్కలకైతే కుర్చీలో కూర్చుని చపాతీ కర్రతో చేతులతోనే దొర్లించుకోవచ్చు.

ఎవరు వాడకూడదు?

ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా ఎర్రబడి నొప్పి పెడుతుంటే ఆ కాలిని రోల్ చేయకండి, మర్దన కూడా వద్దు. లోపలి రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. నొక్కితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదముంది. బస్సులో దూర ప్రయాణం చేసినవారు, ఆపరేషన్ తర్వాత మంచం మీద ఉన్నవారు, బాలింతలు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు, ఉబ్బిన నరాలు ఉన్నవారు, పుండ్లు, ఎముక విరుగుళ్లు ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరును అడగాలి. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారికి ఎంత గట్టిగా నొక్కుతున్నారో తెలియదు. వారు రోలర్ జోలికి పోకపోవడమే మంచిది.

మన ప్రాంతానికి సంబంధించి మరో మాట. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ నీటితో తరతరాలు బాధపడింది. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతంలో మొదట గుర్తించి రాశారు. నల్లగొండ పల్లెల్లో దాని గుర్తులు ఇంకా పెద్దవారి ఒంట్లో ఉన్నాయి. ఫ్లోరైడ్ ఎక్కువైనవారికి ఎముకలు, కీళ్ల దగ్గరి పట్టీలు గట్టిపడి, వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. అది కండరాల పట్టు కాదు. రోలర్ మీద వెన్ను వంచితే నరాలకు దెబ్బ తగలవచ్చు. ఏళ్ల తరబడి వీపు, మెడ బిగుసుకుపోయిన పెద్దలకు మనవడి రోలర్ ఇవ్వకండి. డాక్టరుకు చూపించండి.

మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీ సోదరులు కూడా మమ్మల్ని రోలర్ గురించి అడిగారు. రోజూ బరువు మోసేవారి నడుము నొప్పి, వారానికి మూడు రోజులు జిమ్ముకు వెళ్లేవారి నొప్పి ఒకటి కాదు. తొడలు, పిక్కలు బరువెక్కితే రోలర్ వాడుకోండి. కానీ నడుము నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా, కాలు పట్టు తప్పుతున్నా అది వెన్నులోని నరానికి సంబంధించినది కావచ్చు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

ఒక తల్లి తెచ్చిన పిల్లవాడు

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడ చెప్పాలి. పేరు, ఊరు చెప్పము.

ఒక ఎండాకాలం ఉదయం ఒక తల్లి తన కొడుకును ఆటోలో తీసుకొచ్చింది. "సారూ, పిలగాడు మూడు రోజుల నుంచి సక్కగ లేస్తలేడు. కాళ్లు పట్టుకుపోయినయంటడు" అంది. ఆ అబ్బాయి మూడు నెలలు సాధన మానేశాడు. ఈవెంట్లు దగ్గరపడుతున్నాయని ఒకే రోజు ఎండలో మూడు వందల గుంజీళ్లు తీశాడు. మర్నాడు కదల్లేకపోతే స్నేహితుడు బొడిపెల రోలర్ ఇచ్చి, ఎంత గట్టిగా నొక్కితే అంత త్వరగా తగ్గుతుందని చెప్పాడు. తొడలు నల్లగా కమిలేదాకా నొక్కుకున్నాడు. నొప్పి తగ్గకపోవడంతో మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని రెండు రోజులు వేసుకున్నాడు. లేచి వెళ్లడం కష్టమని నీళ్లు కూడా తక్కువ తాగాడు.

మేము అడిగిన ఒక ప్రశ్నకు అతను తల వంచుకుని జవాబు చెప్పాడు. "మూత్రం టీ డికాషన్ లెక్క వస్తుంది సార్. అమ్మకు చెప్పలే."

ఆ ఒక్క మాటతో మాకు విషయం అర్థమైంది. కండరాలు మామూలుగా చిట్లలేదు, పెద్ద ఎత్తున కరిగిపోయాయి. కరిగిన కండరంలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి, మూత్రపిండాలకు చేరి వాటిని దెబ్బతీస్తుంది. ఎండ, నీళ్లు తక్కువ కావడం, నొప్పి బిళ్లలు మూడూ కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. రక్తపరీక్షలో అతని మూత్రపిండాల పనితీరు అప్పటికే తగ్గినట్లు తేలింది. వెంటనే సెలైన్ ఎక్కించి పెద్ద ఆసుపత్రికి పంపించాము. సమయానికి వచ్చాడు కాబట్టి డయాలసిస్ అవసరం పడకుండానే ఇంటికి చేరాడు. ఇంకో రెండు రోజులు దాచిపెట్టి ఉంటే ఏమయ్యేదో!

తప్పు రోలర్‌ది కాదు. ఒక్కరోజులో మూడు నెలల పని చేయాలనుకోవడం, వచ్చిన నొప్పిని బలవంతంగా అణచాలనుకోవడం, ఇంట్లో చెప్పకపోవడం, ఇవీ తప్పులు. పిల్లలారా, ఉద్యోగం ముఖ్యమే. అంతకంటే మీరు ముఖ్యం. తల్లిదండ్రులారా, "ఇంతమాత్రానికే మూలుగుతావా" అనకుండా ఒక్కసారి మూత్రం రంగు అడగండి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగవద్దు:
మూత్రం ఎర్రగా, గోధుమ లేదా నల్లటి రంగులో రావడం, మూత్రం బాగా తగ్గడం.
కండరం బాగా వాచి, రాయిలా గట్టిపడటం.
నొప్పి మూడు రోజుల తర్వాత తగ్గకపోగా పెరగడం.
వాంతులు, మగత, జ్వరం, గుండె దడ.
ఒక కాలు మాత్రమే వాయడం, ఆయాసం, ఛాతీలో నొప్పి.
దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. రోలర్, మర్దన, నొప్పి ఇంజెక్షన్లతో కాలయాపన చేయకండి.

పాఠకులు అడిగేవి

వ్యాయామానికి ముందా, తర్వాతా?
రెండుసార్లూ వాడవచ్చు. ముందు అయితే ఒక్కో భాగానికి అర నిమిషం, నిమిషం చాలు. కీళ్లు కొంత తేలికగా కదులుతాయి. నొప్పి తగ్గడానికైతే వ్యాయామం తర్వాత, మరో రెండు రోజులు వాడండి.

నొప్పి ఉన్నప్పుడు వ్యాయామం మానేయాలా?
పూర్తిగా పడుకోవద్దు. తేలికగా నడవండి, సైకిలు తొక్కండి. నొప్పి ఉన్న భాగానికి మళ్లీ బరువు ఎత్తడం మాత్రం రెండు మూడు రోజులు ఆపండి. తొడలు పట్టేసిన రోజు చేతుల వ్యాయామం చేసుకోవచ్చు.

ఒళ్లు నొప్పులు రాకపోతే వ్యాయామం పనిచేయనట్లా?
కాదు. నొప్పి బలానికి కొలత కాదు. వారం వారం కొద్దిగా పెంచుకుంటూ పోయేవారికి పెద్దగా నొప్పి లేకుండానే బలం వస్తుంది.

ఏం తినాలి?
పొడులు, డబ్బాలు కొననవసరం లేదు. గుడ్డు, పప్పు, పెరుగు, పల్లీలు, శనగలు, వీలైతే చేప, మాంసం చాలు. ఎండాకాలంలో మజ్జిగ, నీళ్లు ఎక్కువగా తాగండి. రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోండి. సెల్‌ఫోన్ పక్కన పెడితే సగం పని అయినట్లే.

ఇంట్లో పెద్దవారు బరువులు ఎత్తవచ్చా?
తప్పకుండా. పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, నీళ్ల సీసా పట్టుకుని చేతులు ఎత్తడం కూడా వ్యాయామమే. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

చివరిగా

మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ బరువు ఒక్కరోజులో ఎత్తింది కాదు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చింది. మన పిల్లలకు మేము చెప్పేదీ అదే. ఈ వారం ఇరవై గుంజీళ్లు తీస్తే వచ్చే వారం ఇరవై ఐదు తీయండి. రోలర్ ఉంటే మితంగా వాడుకోండి, లేకపోతే దిగులుపడకండి.

ఆ అబ్బాయి పూర్తిగా కోలుకుని మొన్న మమ్మల్ని చూడటానికి వచ్చాడు. మళ్లీ సాధన మొదలుపెట్టాడట, ఈసారి నెమ్మదిగా. వెళ్తూ వెళ్తూ, "సార్, ఈ సంగతి అందరికీ చెప్పండి, నా లెక్క ఇంకొకరు చేయొద్దు" అన్నాడు. అతని మాట ప్రకారమే చెప్పాము. ఈ పత్రిక చదివాక పక్కింటి పిల్లలకూ ఇవ్వండి.